అలవాటు పడింది పురుగు కాదు

విచ్చిన పత్తికాయలోంచి ఒక్క పోగు లాగి, నల్లచీర కొంగు మీద పరిచి పిల్లలకు చూపిస్తాను. "ఇందులో ఎన్ని కణాలున్నాయో చెప్పండి" అంటాను. వెయ్యి అంటాడొకడు. లక్ష అంటుంది ఇంకో పిల్ల. ఉన్నది ఒక్కటే. గింజ పైపొరలోని ఒకే ఒక కణం పువ్వు విచ్చిన రోజున సాగడం మొదలుపెడుతుంది. రెండుగా చీలదు, నాలుగు కాదు, మూడు వారాలపాటు సాగుతూనే ఉంటుంది. అంగుళం పొడవు వచ్చాక లోపలి గోడకు సెల్యులోజును పొర మీద పొరగా మెత్తుకుంటుంది. కాయ పగిలేనాటికి కణం చచ్చిపోయి గోడ ఒక్కటే మిగులుతుంది. మనం కట్టుకునే నూలు చీరంతా ఆ గోడలే. ఒక్కో గింజ మీద ఇలాంటి పోగులు పదివేలకు పైనే. సూక్ష్మదర్శిని లేకుండా ఒక కణాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకోవచ్చని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పుట్టిల్లు కీసర. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లేవాళ్లకు మా ఊరంటే టోల్‌గేటు, మున్నేరు వంతెన. 2023 జూలైలో ఏరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి ఎక్కినప్పుడు టీవీల్లో మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు రెండు రోజులు వినిపించాయి. మాకు మాత్రం ఊరంటే నల్లరేగడి, పత్తి, మిరప. పత్తి తీతలయ్యే రోజుల్లో నందిగామ దాకా రోడ్డు పక్కన తుమ్మకంపకు తెల్లటి పీలికలు వేలాడుతుంటాయి, బోరాల ట్రాక్టర్లు వెళ్లిన ఆనవాళ్లు. పదో తరగతిలో అనువంశికత పాఠం వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పుస్తకంలో మెండెల్ బఠాణీ మొక్కలుంటాయి. బఠాణీ పాదు ఎలా ఉంటుందో మా పిల్లల్లో ఒక్కరూ చూడలేదు. పత్తిచేలో మాత్రం బడి లేని ప్రతి రోజూ ఉంటారు.

కొన్నేళ్ల కిందట కార్తీకంలో పుట్టింటికి వెళ్లినప్పటి మాట ఇది. మా అన్నయ్యకు నాలుగెకరాల పత్తి. వదిన నన్ను చేలోకి తీసుకెళ్లి, పైకి నిగనిగలాడుతున్న పచ్చికాయ ఒకటి తెంపి, గట్టుమీద రాయితో చితక్కొట్టింది. తొనల్లో ఒకటి గోధుమరంగుకు తిరిగి కుళ్లింది. అందులో, గింజలో తల దూర్చి, అర అంగుళం కూడా లేని పురుగు. ఒంటి నిండా గులాబీ పట్టీలు. కాయ మీద అది లోపలికి దూరిన రంధ్రం ఎంత వెతికినా కనబడలేదు. పిల్లపురుగుగా ఉన్నప్పుడే లోపలికి పోతుంది, వెనకాలే దారి పూడుకుపోతుంది. పక్క చెట్టు మీద రేకలు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వు చూపించింది, గుడ్డిపువ్వు. ఆ రేకల్ని లోపలినుంచి దారంతో కుట్టేసిందీ ఆ పురుగే.

"బీటీ విత్తనమే కదా వదినా?" అన్నాను.

"బీటీయే. ప్యాకెట్ కూడా దాచా. ఏముంది, పురుగు దానికి అలవాటు పడిపోయింది" అంది.

ఆ మాట ఆమె ఒక్కతే అనలేదు. పురుగుమందుల కొట్లో అంటారు, టీకొట్టు దగ్గర అంటారు, చదువుకున్నవాళ్లూ అంటారు. విన్న ప్రతిసారీ నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఎందుకంటే ఏ పురుగూ దేనికీ అలవాటు పడలేదు. జరిగింది వేరు. అదేమిటో అర్థమైన రైతు చేసే సేద్యం ఒకలా ఉంటుంది, అలవాటు పడిందనుకున్న రైతు చేసే సేద్యం ఇంకోలా ఉంటుంది. పురుగు అలవాటు పడిందనుకున్నవాడు మోతాదు పెంచుతాడు. మా నాన్న చేసిందీ అదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అలవాటు ఒక జీవి తన బతుకులో తెచ్చుకునేది. రోజూ పలుగు పట్టే చేతికి కాయలు కాస్తాయి, కానీ ఆ చేతుల మనిషికి పుట్టిన బిడ్డ అరచేయి దూదిలాగే ఉంటుంది. మన ఆడపిల్లలకు ఎన్ని వందల తరాలుగా చెవులు కుడుతున్నాం! ఒక్క పిల్లయినా చిల్లులతో పుట్టిందా? జర్మనీలో వైస్మన్ అనే శాస్త్రవేత్త 1880లలో ఎలుకల తోకలు తరతరాలుగా కోసి చూశాడు. పుట్టిన ప్రతి పిల్లకూ నిండు తోకే ఉంది. ఒంటికి జరిగింది ఒంటితోనే పోతుంది. బిడ్డకు అందేది బీజకణంలో ఉన్నది మాత్రమే.

మరి పురుగు బీజకణంలో ఏముంది? అది చెప్పాలంటే ముందు బీటీ పత్తి పురుగును ఎలా చంపుతుందో చెప్పాలి. మట్టిలో బ్రతికే ఒక బాక్టీరియా ఉంది, బాసిల్లస్ తురింజియెన్సిస్. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో దాన్ని చూశాడు. 1911లో జర్మనీలోని తురింజియా ప్రాంతంలో పిండిపురుగులో బెర్లినర్ కనుక్కుని, తర్వాత ఆ పేరు పెట్టాడు. ఆ బాక్టీరియా ఒక ప్రోటీను స్ఫటికం తయారుచేస్తుంది. గొంగళిపురుగు పేగులో ద్రవం క్షారగుణంతో ఉంటుంది కాబట్టి స్ఫటికం అక్కడ కరుగుతుంది. కరిగిన ప్రోటీను పేగు గోడ మీద ఉండే ఒక ప్రత్యేకమైన అణువును వెతికి పట్టుకుంటుంది. తాళంలో తాళంచెవి పడ్డట్టు అతుక్కుని గోడకు చిల్లు పెడుతుంది. పేగు కణాలు ఉబ్బి పగిలిపోతాయి. మన పేగులో ఆ తాళం లేదు, పశువుకూ లేదు. ఆ ప్రోటీను తయారుచేసే జన్యువును పత్తిలో పెట్టారు. అదే బీటీ పత్తి.

మన దేశంలో దానికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. రెండు ప్రోటీన్లున్న రకం 2006లో వచ్చింది. మొదట్లో ప్యాకెట్ పదహారు వందలు పైమాట. రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడితే 2006లో 750 రూపాయలకు దిగింది. ఆ తొలి ఏళ్లలో చేను చూస్తే కడుపు నిండేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. మందు డబ్బాలు అటకెక్కాయి. కాయలు శుభ్రంగా పగిలేవి.

ఇక పురుగు దగ్గరికి వద్దాం. ఏ జీవి అయినా మొదట ఒక్క కణం. అది రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. మా బడిలో ఉల్లిపాయను నీళ్ల గ్లాసు మీద పెట్టి, నాలుగు రోజులకు వచ్చిన వేరుకొన కోసి, ఎర్రరంగు అద్ది, గాజుపలక మీద చిదిమి చూపిస్తాను. అదృష్టముంటే ఒక కణంలో క్రోమోజోములు మధ్యగీత మీద బారులు తీరి ఉంటాయి, పక్క కణంలో అటూ ఇటూ విడిపోతూ ఉంటాయి. ఉల్లికి పదహారు. చీలే ముందు ప్రతి క్రోమోజోము తన నకలు రాసుకుంటుంది, అందుకే చీలిన రెండు కణాలకూ మళ్లీ పదహారేసి వస్తాయి. ఇది సమవిభజన. నకలు రాసే పని ఎంత జాగ్రత్తగా సాగినా, కోట్ల అక్షరాల్లో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. కరణంగారి అడంగల్లో ఒక అంకె తప్పు పడితే ఆ తర్వాతి నకళ్లన్నిట్లోనూ ఆ తప్పే నడిచినట్టు, ఆ కణం నుంచి వచ్చినవన్నీ ఆ తప్పును మోస్తాయి. తప్పు రెక్కలోనో కాలిలోనో పడితే ఆ పురుగుతోనే సరి. బీజకణంలో పడితే మాత్రం పిల్లలకు పోతుంది.

ఎప్పుడో, ఎక్కడో, బీటీ పత్తి ఊసే లేని కాలంలో, కొన్ని గులాబీ పురుగుల్లో ఆ పేగు తాళం తయారుచేసే జన్యువులో ఇలాంటి తప్పులు పడి ఉన్నాయి. వాటివల్ల వాటికి ఒరిగిందేమీ లేదు. అసలు ఈ పురుగు మనకు కొత్తది కాదు. 1843లో దీన్ని మొదట వర్ణించి పేరుపెట్టింది మన గుజరాత్ బరూచ్ పత్తిలో దొరికిన పురుగులను చూసే. అన్ని వేల ఏళ్లూ తాళం చెడిన పురుగుకు లాభం లేకపోయింది. తాళంచెవి పట్టుకుని పొలంలో తిరిగేవాడు లేనప్పుడు తాళం ఎలా ఉంటేనేం?

ఆ తప్పు పిల్లలకు ఎలా చేరుతుందో చూడడానికి ఇప్పుడు ఒక ఆట. అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు తెలుసు కదా, ఒకవైపు బండకు రుద్దితే తెల్లగా అవుతాయి, రెండోవైపు నల్లగా ఉంటాయి. ప్రతి పిల్లకూ రెండేసి పిక్కలు ఇస్తాను. ఒక పిక్క అమ్మ, ఒక పిక్క నాన్న. బీజకణాలు తయారయ్యేటప్పుడు జరిగే విభజన వేరు, దాన్ని క్షయకరణ విభజన అంటాం. జత క్రోమోజోముల్లో ఒక్కటే బీజకణంలోకి పోతుంది, ఏది పోతుందన్నది పిక్క ఎటు పడుతుందన్నట్టే. అమ్మ పిక్కా నాన్న పిక్కా కలిపి విసరమంటాను. ఇరవై అయిదేసిసార్లు విసిరి, తరగతి మొత్తం లెక్కలు బోర్డు మీద కలిపితే, రెండూ తెలుపు పడినవి నాలుగో వంతుకు అటూ ఇటూ, రెండూ నలుపు ఇంకో నాలుగో వంతు, చెరొకటి పడినవి సగం. ఏ ఏడూ ఇది తప్పలేదు. మెండెల్ తన తోటలో లెక్కపెట్టి 1866లో అచ్చువేసిందీ ఇదే. గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. ఇంచుమించు మూడుకు ఒకటి. చెరొక రకం జన్యువు పడిన గింజలు కూడా పైకి గుండ్రంగానే కనిపించాయి కాబట్టి మూడు వంతులు గుండ్రం. ముడత అంతర్గత లక్షణం. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది.

పురుగు చెడిన తాళం కూడా ముడత లాంటిదే, ఆటలో నల్లవైపు అనుకోండి. ఒక ప్రతి చెడి, రెండో ప్రతి మంచిదైతే పేగు మీద మంచి తాళాలు ఉంటాయి, పురుగు చస్తుంది. రెండు ప్రతులూ చెడితేనే బతుకుతుంది. పొలంలోని పురుగుల జన్యుప్రతుల్లో వెయ్యికి ఒకటి చెడినదనుకోండి. ఒకే పురుగుకు రెండు చెడినవి రావాలంటే వెయ్యిలో ఒకటి, మళ్లీ ఆ వెయ్యిలో ఒకటి, అంటే పది లక్షల పురుగులకు ఒకటి. ఊరి పొలాలన్నీ వెతికినా కనబడని ఆ ఒక్క పురుగు చుట్టూనే ఈ కథంతా తిరిగింది.

శాస్త్రవేత్తలకు ఈ లెక్క మొదటినుంచీ తెలుసు. అందుకే బీటీ విత్తనంతోపాటు బీటీ లేని పత్తి కూడా వేయాలని నిబంధన పెట్టారు. పొలంలో అయిదో వంతు, లేదా చుట్టూ అయిదు వరుసలు, ఏది ఎక్కువైతే అది. 450 గ్రాముల ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు. ఆ వరుసల్లో మామూలు పురుగులు హాయిగా తిని పెరుగుతాయి. బీటీ చెట్టు మీద బతికి బట్టకట్టిన ఆ ఒక్క పురుగు రెక్కలొచ్చి జోడీ కోసం చూస్తే చుట్టూ వందల కొద్దీ మామూలువే ఉంటాయి. వాటితో జతకడితే పిల్లలన్నిటికీ చెడిన ప్రతి ఒకటి, మంచి ప్రతి ఒకటి. బీటీ కాయ కొరికితే అన్నీ చస్తాయి. ఆ బీటీ లేని వరుసలు లేకపోతే? బతికిన పురుగుకు జోడీ ఇంకో బతికిన పురుగే. పిల్లలన్నీ చావనివే.

మా ఇంట్లో ఆ 120 గ్రాముల పొట్లం ఏమైందో నేను కళ్లారా చూశాను. అన్నయ్య దాన్ని గట్టు మీదికి విసిరేశాడు. "పురుగును మేపడానికి నేనెందుకు దుక్కి దున్నాలి?" అన్నాడు. మా ఊళ్లో ఎవరూ వేయలేదు, పక్క ఊళ్లోనూ వేయలేదు. అన్నయ్యను నేను తప్పు పట్టలేను. పురుగును కాపాడితేనే పంట దక్కుతుందన్న మాట అంత తేలిగ్గా గొంతు దిగేది కాదు. దిగేలా చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. ఆ ఏళ్లలో అనువంశికత పాఠం చెబుతూ, ఆ పొట్లాన్ని ఒక్కసారైనా తరగతిలోకి తీసుకెళ్లని నేనూ వాళ్లలో ఒకదాన్ని.

తర్వాత కాలం తన పని తాను చేసింది. ఈ పురుగుకు తరం అంటే నెల రోజులు. ఒక తల్లి వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక పంటకాలంలో నాలుగయిదు తరాలు. డిసెంబరులో అయిపోవాల్సిన పంటను బోరు నీళ్లతో మార్చి దాకా లాగితే ఇంకో రెండు తరాలకు మనమే భోజనం పెట్టినట్టు. 2010లో గుజరాత్ పొలాల్లో మొదటి ప్రోటీనుకు గులాబీ పురుగు లొంగడం లేదని బయటపడింది. 2014-15 నాటికి రెండు ప్రోటీన్ల పత్తి మీదా అక్కడ పురుగు బతికింది. మహారాష్ట్ర, తెలంగాణ, మన జిల్లాలు వెనకాలే చేరాయి. మన దేశపు పొలాల నుంచి తీసిన పురుగుల్లో కాడ్హెరిన్ అనే ఆ తాళం జన్యువును చదివితే, 2014లో తేలింది ఒక వింత. అది ఒకే రకంగా చెడలేదు. ఒక పురుగులో ఒకచోట తెగింది, ఇంకోదానిలో ఇంకోచోట. తాళం తెరుచుకోకుండా ఉండడానికి ఒకటే దారి అక్కర్లేదు కదా, ఏ ముక్క విరిగినా చాలు. పురుగు నేర్చుకుని చేసిన పనే అయితే అన్నీ ఒకేలా నేర్చుకునేవి. ఇవి ఎవరికివారుగా పడిన తప్పులు. వాటిని ఏరి పెట్టింది మన పొలం.

ఇదంతా పురుగుకే రాసిపెట్టి ఉందా అంటే, లేదు. అదే చేలో శనగపచ్చ పురుగు కూడా ఉంటుంది. దాని మీద బీటీ చాలావరకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఎందుకో వదినకు చెబితే క్షణంలో పట్టేసింది. "అది కందినీ తింటుంది, శనగనీ తింటుంది, టమాటానూ వదలదు. దాని చుట్టాలు బయట బోలెడు" అంది. అంతే. కందిచేలల్లో బీటీ లేదు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు ఊరంతా తిరిగి, ఎవరూ వేయని ఆ 120 గ్రాముల పొట్లం పని చేసిపెట్టాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే కూడు దాదాపుగా లేదు. దాని చుట్టాలంతా బీటీ తిన్నవాళ్లే.

మా నాన్న సంగతి చెబుతానన్నాను. 1987లో నేను ఏడో తరగతి. అప్పుడు బీటీ లేదు, శనగపచ్చ పురుగే యముడు. సింథటిక్ పైరిత్రాయిడ్లని కొత్త మందులు వచ్చి మూణ్ణాలుగేళ్లు అద్భుతంగా పనిచేశాయి. ఆ ఏడు పనిచేయలేదు. నాన్న డబ్బా మీద రాసిన మోతాదుకు రెట్టింపు కలిపాడు. తర్వాత రెండు మందులు కలిపాడు. సాయంత్రం ఇంటికొచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. ఆయన చొక్కా వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. కోస్తా ఆంధ్రలోని ఆ పురుగులు ఆ మందులకు తట్టుకుంటున్నాయని తర్వాత ప్రయోగశాలల్లో రుజువైంది. నాన్న మోతాదు పెంచిన ప్రతిసారీ చావాల్సినవి చచ్చాయి, చావనివి జోడీ కట్టాయి. అలవాటు పడిందని నాన్న కూడా అన్నాడు. ఆయనకు ఇది చెప్పే చదువు అప్పటికి నాకు లేదు.

ఇలా చావనివి మిగిలి ఎంత త్వరగా పెరుగుతాయో లెక్క కట్టిన తొలి శాస్త్రవేత్తల్లో ఒకడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర 1848లో నల్లటి చిమ్మట ఒకటి కనిపించింది. యాభై ఏళ్లకు అక్కడ దాదాపు అన్నీ నల్లవే. మిల్లుల మసి చెట్లకు పట్టాక తెల్లవాటిని పిట్టలు ఏరుకు తిన్నాయి. ఇంత త్వరగా మారాలంటే నల్లవాటికి ఎంత పైచేయి ఉండాలో 1924లో హాల్డేన్ గణితం వేస్తే ఎవరూ ఊహించనంత పెద్ద అంకె వచ్చింది. ఆయన 1957లో మన దేశానికి వచ్చేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం ఇవ్వాలని ఆయన కోరుకున్న చోటు మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. చిమ్మట రెక్కల మీద పరిణామం లెక్క కట్టిన మనిషి మన తెలుగు గడ్డ మీద పాఠంగా మిగిలాడని పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను.

ఇప్పుడు మళ్లీ కాయ దగ్గరికి. వదిన ఒకసారి అడిగింది: "మా అత్తగారు గింజలు బూడిదలో కలిపి దాచి మరుసటేడు వేసేది. ఇప్పుడు మన చేలో గింజలు మనం వేస్తే ఏమవుతుంది?" మనం వేసేవి దాదాపు అన్నీ హైబ్రిడ్‌లు. ప్రపంచంలో తొలి వాణిజ్య పత్తి హైబ్రిడ్ 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ తీసిన హెచ్-4. ఆ పద్ధతిలో నంద్యాల, గద్వాల చేలల్లో ఆడకూలీలు సాయంత్రం ఒక్కో మొగ్గ విప్పి మగకేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు పుప్పొడి అద్దుతారు. ఇద్దరు తల్లిదండ్రుల్లో సాధారణంగా ఒకరికే బీటీ జన్యువు ఉంటుంది. అంటే మన చేలోని చెట్టుకు ఒక పిక్క తెలుపు, ఒక పిక్క నలుపు. చెట్టు నిండా ప్రోటీను ఉంటుంది, సరే. ఆ చెట్టుకు కాసిన కాయలో గింజలు? అవి దాని పిల్లలు. అక్కడ పిక్కలు మళ్లీ విసిరారు. ప్రతి నాలుగు గింజల్లో ఒకదానికి ఆ జన్యువు లేదు. రెండో ప్రోటీను జన్యువుదీ అదే లెక్క.

గులాబీ పురుగు తినేది ఆకు కాదు, గింజ. ఒకే కాయలో విషమున్న గింజ, విషం తక్కువున్న గింజ, అసలు లేని గింజ పక్కపక్కన. గింజ నుంచి గింజకు పాకుతూ పోయే పురుగు అరకొర విషంతో బతికిపోతుంది. అలా ఒక్క చెడిన ప్రతి ఉన్నదానికి కూడా బతికే సందు దొరుకుతుంది. మెండెల్ మూడుకు ఒకటి మన కాయలోనే మనకు ఎదురు తిరిగింది.

అదే మూడుకు ఒకటి చైనాలో రైతును కాపాడింది. యాంగ్జీ నదీ లోయలో రైతులు హైబ్రిడ్ చేలో కాసిన గింజలనే చౌకగా కొని మళ్లీ వేశారు. వదిన అడిగిన పనే అది. ఆ గింజల నుంచి మొలిచిన మొక్కల్లో నాలుగో వంతుకు బీటీ లేదు, అవి పొలమంతా చెదురుమదురుగా పడ్డాయి. ఎవరూ అనుకోకుండానే ప్రతి చేలోనూ మామూలు పురుగులకు చోటు దొరికింది. అక్కడ గులాబీ పురుగు లొంగే ఉందని 2017లో పరిశోధన వెలువడింది. అమెరికా అరిజోనాలో రైతులు 1996 నుంచి బీటీ లేని వరుసలు నిజంగానే వేశారు. తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల్లోంచి కోట్ల కొద్దీ వదిలారు. 2018లో అమెరికా పత్తిలో ఆ పురుగు లేదని ప్రకటించారు. పురుగు అదే, ప్రోటీనూ అదే.

"మరి ఇది కొత్త జాతి పురుగా మేడమ్?" అని మొన్న ఒక పిల్లాడు అడిగాడు. కాదు. పాత పురుగుతో జతకడుతుంది, పిల్లల్ని కంటుంది, జాతి అదే. కొత్త జాతి చూడాలంటే పత్తినే చూడమన్నాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరుకు వాడే కొండపత్తి మన నేల దేశవాళీ. వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసేది దాన్నే. ఆ పత్తికి క్రోమోజోములు 26. మనం వేసే అమెరికా పత్తికి 52. పది ఇరవై లక్షల ఏళ్ల కిందట, మన వైపు పత్తికి దగ్గరి చుట్టం ఒకటి, అమెరికా ఖండపు అడవిపత్తి ఒకటి కలిసి, విభజనలో క్రోమోజోములు విడిపోకుండా రెండు జతలూ అలాగే నిలిచిపోయి పుట్టిందది. ఆ 52నీ 26నీ ఇప్పుడు కలిపితే 39 వస్తాయి. బీజకణాలు తయారయ్యేటప్పుడు జత దొరకని క్రోమోజోములు మిగిలిపోతాయి. మొక్క మొలుస్తుంది కానీ గొడ్డుపోతుంది. జాతికీ జాతికీ మధ్య గోడ అంటే అది.

ఆ పిల్లాడి తాతగారికి క్షయ. మందు ఆరు నెలలు వాడమంటే రెండు నెలలకు తగ్గిందని ఆపేశాడట. మళ్లీ వచ్చింది, ఈసారి పాత మందుకు లొంగలేదు. "ఒళ్లు అలవాటు పడిందన్నారు మేడమ్" అన్నాడు. చింతపిక్కలు బల్ల మీదే ఉన్నాయి కానీ, క్షయ బాక్టీరియాకు అమ్మా నాన్నా ఉండరు, రెండుగా చీలడమే. చావనిది మిగిలి, అది చీలి, దాని నకళ్లే ఊపిరితిత్తుల నిండా నిండాయి. ఆపకుండా పూర్తి కోర్సు మింగమనేది ఆ చావనిది మిగలకుండా ఉండడానికే. పిల్లాడు పుస్తకంలో రాసుకున్నాడు, తాతకు చెబుతానని.

వదిన ఇప్పుడు నాలుగెకరాలకు పదహారు లింగాకర్షక బుట్టలు కట్టింది. ఆడపురుగు వాసన పూసిన ఎరకు మగవి వచ్చి పడతాయి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పడితే అప్పుడు మందు, అంతకుముందు ముట్టదు. అన్నయ్య డిసెంబరు దాటనివ్వడం లేదు. బోరు నీళ్లున్నా సరే, పండగ నాటికి చేను ఖాళీ. మోళ్లు పొయ్యిలోకని దొడ్లో పేర్చుకునే అలవాటు మానిపించడానికే రెండేళ్లు పట్టింది. ఆ మోళ్లకు వేలాడే ఎండుకాయల్లోనే కదా పురుగు ఎండాకాలం వెళ్లదీసేది.

కిందటి సంక్రాంతి సెలవుల్లో మా తరగతి పిల్లలు పదిమంది కీసర వచ్చారు. గొర్రెలు అప్పటికే చేలో దిగాయి. అవి వదిలేసిన కాయలు ఏరి, గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే చితక్కొట్టి, తొనలు విడదీసి, పురుగున్నవి లేనివి రెండు కుప్పలు పోశారు. ఒక పిల్ల రెండు గింజలు అతుక్కుని ఉన్నది పట్టుకొచ్చింది. సన్నటి దారంతో ఒకదానికొకటి కుట్టి ఉన్నాయి. గోటితో విడదీస్తే లోపల గింజలు డొల్ల, ఆ డొల్లలో గులాబీ పురుగు చుట్టుకుని పడుకుని ఉంది. వానలు పడేదాకా అలాగే ఉంటుందని చెప్పాను. అది మెల్లగా తల కదిపింది. వదిన వచ్చి చూసి, "దీనికి రెండూ నల్లపిక్కలే పడ్డాయన్నమాట" అని, గింజలను పిల్ల చేతిలోంచి తీసుకుని మోళ్ల మంట వైపు నడిచింది.